పది డాలర్ల నోటు మీద పల్లెటూరి బ్యాంకు పేరు

[తెర మీద: 1929 సిరీస్ పది డాలర్ల నోటు, బాగా దగ్గరగా]

మధ్యలో హామిల్టన్ బొమ్మ, అమెరికా మొదటి ఆర్థిక మంత్రి. ఇప్పటి పది డాలర్ల నోటు మీదా ఆయనే ఉంటాడు. కానీ ఎడమ పక్కన చూడండి. నల్లటి అక్షరాల్లో ఒక బ్యాంకు పేరు, ఊరి పేరు, రాష్ట్రం పేరు. వాటితో పాటు ఆ బ్యాంకు ప్రెసిడెంటు, క్యాషియర్ల సంతకాలు. మన వంద నోటు మీద ఏ ఊరి బ్యాంకు మేనేజరైనా సంతకం పెట్టినట్టన్నమాట!

[తెర మీద: అంతర్యుద్ధం నాటి ఫొటోలు]

ఇలాంటివాటిని నేషనల్ బ్యాంక్ నోట్లు అంటారు. ఇదంతా అమెరికా అంతర్యుద్ధం తెచ్చిన ఏర్పాటు. 1863లో లింకన్ ప్రభుత్వానికి డబ్బు కటకటగా ఉంది. అందుకే బ్యాంకులతో ఒక బేరం కుదుర్చుకుంది. మీరు ప్రభుత్వ బాండ్లు కొని మా దగ్గరే ఉంచండి, వాటి విలువలో 90 శాతం దాకా మీ పేరుతో నోట్లు అచ్చేసి ఇస్తాం అంది. బ్యాంకు మునిగినా నోటు మునగదు, వెనకాల బాండ్లున్నాయిగా. 1935 దాకా ఈ పద్ధతి నడిచింది. 14 వేలకు పైగా బ్యాంకులకు చార్టర్ నంబర్లు, అంటే ప్రభుత్వ అనుమతి పత్రం నంబర్లు, ఇచ్చారు. ఒకటో నంబరు ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకుది.

1929కి ముందు నోట్లు సైజులో పెద్దవి. అవి షీట్లుగానే బ్యాంకుకి వచ్చేవి. అక్కడే సంతకాలు పెట్టి కత్తిరించుకునేవాళ్లు. కొన్నిటి అంచులు వంకరటింకరగా ఉండేది అందుకే. నాకైతే ఆ వంకరే ముద్దు.

[తెర మీద: రెండు నోట్లు పక్కపక్కన]

సేకరించేవాళ్లకి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నోటు మీద అంకె పదే అయినా, ధర బ్యాంకుని బట్టి ఉంటుంది. పెద్ద నగరం బ్యాంకు లక్షల్లో నోట్లు వదిలి ఉండొచ్చు. నాలుగేళ్లకే మూతబడ్డ పల్లెటూరి బ్యాంకు నోటు ఒక్కటి కనపడినా పండగే. నోటు మీదుండే చార్టర్ నంబరు పట్టుకుని, ఈ బ్యాంకుల మీద అజమాయిషీ చేసే అధికారి, కరెన్సీ కంప్ట్రోలర్, ఏటా వేసిన నివేదికల్లో వెతకండి. ఏ బ్యాంకు ఎంత విలువ నోట్లు చలామణీలో పెట్టిందో అందులో రాసి ఉంటుంది. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు వాళ్ల ‘ఫ్రేజర్’ సైట్‌లో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఇక నోటే మిగలని బ్యాంకులుంటాయి. వాటి నోట్ల రూపం తెలియాలంటే స్మిత్సోనియన్ మ్యూజియంలో దాచిన ప్రూఫులు, అంటే అచ్చు నమూనాలు, చూడాలి.

ఒక్క చోట మాత్రం కొత్తవాళ్లు బోల్తా పడతారు. 1929లోనే ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల పేరుతో ఇంకో రకం నోట్లు వచ్చాయి. అదే గోధుమరంగు ముద్ర, పైన అదే ‘నేషనల్ కరెన్సీ’ అన్న మాట. చార్టర్ నంబరు ఉండాల్సిన చోట ‘ఎ’ నుంచి ‘ఎల్’ లోపు ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరం పెద్దగా కనిపిస్తే, అది మనం వెతికేది కాదు.

[తెర మీద: సంతకాలు, దగ్గరగా]

అమెరికాలో ఉంటున్నవాళ్లు ముందు మీ ఊరి పేరుతోనే వెతకండి. బ్యాంకు దొరికితే ఆ సంతకాల పేర్లు పట్టుకుని ఊరి పాత పత్రికలు తిరగేయండి. ప్రెసిడెంటు కిరాణా వ్యాపారి అయ్యుండొచ్చు, క్యాషియర్ ఆయన అల్లుడే కావచ్చు. ఆడవాళ్లు సంతకం చేసిన నోట్లూ ఉన్నాయి. వాటి కోసమే ప్రత్యేకంగా వెతికేవాళ్లూ ఉన్నారు.