ఆరు బోర్లు వేయించిన మనిషి

అందరికీ నమస్కారం. అనంతపురం ఎండలో, మధ్యాహ్నం పూట ప్రసంగం వినడానికి వచ్చినారంటే ముందు మీకే దండం పెట్టాల. ముందు వరసల్లో పెద్దలు కూర్చున్నారు. కాలేజీ పిల్లలు వెనక గోడకు ఆనుకున్నారు. మధ్యలో మూడు వరసలు ఖాళీ. తరాల మధ్య ఎడం గురించి నేను చెప్పాలనుకున్న దాంట్లో సగం ఆ కుర్చీలే చెప్పేసినాయి.

మిగతా సగం మా ఇంటి గొడవ. మా పాపకు బెంగుళూరులో ఉద్యోగం. అది మాని స్నేహితులతో కలిసి సొంతంగా ఏదో పెడతానంది. మా నాయన మండిపడినాడు. "నోటికాడి కూడు కాలదన్నుకుంటావా? ఇది జూదం కాదా?" అన్నాడు. పాప తగ్గలేదు. "తాతా, నువ్వు ఎన్ని బోర్లు వేయించినావు?" అనడిగింది.

ఆరు. నీళ్ల జాడ చూడను టెంకాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన ఎక్కడ ఆగితే అక్కడ. మొదటిది రెండు వందల అడుగులకే నీళ్లిచ్చి నాలుగేళ్లకు ఎండింది. తర్వాతవన్నీ బండరాతి దుమ్మే.

మన జిల్లా సంగతి మీకు తెలియంది కాదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుకుంటాయి. ఈశాన్యానివి కోస్తాలో కురిసి, మనదాకా వచ్చేసరికి డీలా పడతాయి. వానల పంక్తిలో మనది ఎప్పుడూ ఆఖరి బంతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు రాదు. అట్లాంటి చోట ఏటా అప్పు తెచ్చి చెనిక్కాయ విత్తనం మట్టిలో పోసినోళ్లను "పెద్దోళ్లకు రిస్కంటే భయం" అంటారు ఈ పిల్లలు! నాకు నవ్వొస్తుంది.

అట్లని పెద్దలను వెనకేసుకు రావట్లేదు. మా అమ్మ 1952 కరువులో గంజి కేంద్రం ముందర ముంత పట్టుకుని నిలబడిన పిల్ల. ఈరోజుకీ మెతుకు పారేయనీదు. పాప కాఫీకి నూటయాభై పెడుతుందని ఆమెకు కడుపుమంట. పాప దృష్టిలో అవ్వ పిసినారి, అవ్వ దృష్టిలో పాప దుబారా మనిషి. ఆరో బోరు అప్పు నెలనెలా కట్టి తీర్చింది మాత్రం ఆ దుబారా మనిషే. ఆ సంగతి మా అమ్మకు మొన్నటిదాకా ఎవరమూ చెప్పలేదు. తప్పు మధ్యలో ఉన్న నాది.

ఇంతకూ మా నాయన జవాబు చెప్పలేదు కదూ. చానాసేపు తువ్వాలు దులుపుకుంటా కూర్చుని, చివరికి అన్నాడు: "ఆరోదాంట్లో నీళ్లు పడింటే నువ్వు ఈ మాట అడిగేదానివా?"