ఫిలిడియా అరికాలు

అందరికీ నమస్కారం.

తిరుపతిలో నిలబడి సముద్రం గురించి మాట్లాడటం మీలో కొందరికి వింతగా అనిపించొచ్చు. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్లూరుపేట, పులికాట్ వైపంతా మన జిల్లాలోకే వచ్చింది కదా, అంటే ఏడుకొండలతో పాటు ఇప్పుడు మనకి సముద్రం కూడా ఉంది. అయితే నేను ఈరోజు చెప్పబోయే జీవిని చూసింది మాత్రం అండమాన్‌లో. దానికి పగడపు దిబ్బలు కావాలి, ఆ దిబ్బల మీద స్పాంజ్‌లు, అంటే రాయికి అతుక్కుని కదలకుండా బతికే మెత్తటి సముద్ర జంతువులు కావాలి, ఎందుకంటే అది తినేది స్పాంజ్‌లనే.

పేరు ఫిలిడియా వారికోసా. ఫిలిడియా దగ్గరి జాతులన్నిటికీ ఉండే ఇంటిపేరు లాంటిది, వారికోసా దీని సొంత పేరు. గుల్ల లేని సముద్రపు నత్త. వేలంత ఉంటుంది, పెద్దదైతే పది సెంటీమీటర్లు కూడా దాటుతుంది. నల్లటి వీపు మీద పొడవునా నీలి బూడిద రంగు గట్లు, మన పొలాల్లో గెనిమల్లాగా, ఆ గట్ల మీద బొడిపెలు, ఒక్కో బొడిపె కొనకి పసుపు ముద్ద. తలవైపు రెండు పసుపు కొమ్ములుంటాయి, నీళ్ళలో వాసన పట్టేది వాటితోనే, రైనోఫోర్లు అంటారు. కాళ్ళ మీద నరాలు ఉబ్బితే వెరికోస్ వెయిన్స్ అంటాం చూడండి, 1801లో లామార్క్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఈ జీవికి పెట్టిన పేరులోనూ ఉన్నది ఆ మాటే. వీపు చూస్తే ఉబ్బిన నరాల్లాగే ఉంటుంది మరి.

ఇలాంటి నత్తలన్నిటినీ కలిపి నూడిబ్రాంక్‌లు అంటారు, మొప్పలు బయటికి కనిపించేవి అని అర్థం. చాలావాటికి వీపు వెనకభాగంలో పువ్వు విచ్చుకున్నట్టు మొప్పలుంటాయి. ఫిలిడియాకి అలా ఉండవు, అంచు కింద, పాదానికి పక్కగా దాక్కుని ఉంటాయి. కాబట్టి వీపు మీద మొప్పల పువ్వు లేదు, ఒళ్ళంతా గట్టి బొడిపెలు ఉన్నాయి అంటే ముందు ఈ కుటుంబం వైపు చూడండి. నోట్లో కొరికే పళ్ళ పట్టీ కూడా దీనికి లేదు, స్పాంజ్‌ని కరిగించి పీల్చుకుంటుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఈ ప్రసంగం ఒప్పుకున్నదే అందుకోసం. అండమాన్ నుంచి తెచ్చిన ఫొటోల్లో నీలం, నలుపు, పసుపు కలిసి కనిపించిన ప్రతిదానికీ వారికోసా అని పేరు రాసేశాను. రెండేళ్ళు అలాగే ఉన్నాయి. ఆ రంగంలో బాగా తెలిసిన ఒకాయనకి చూపిస్తే ఆయన ఒకటే అడిగారు: "అరికాలు ఫొటో ఉందామ్మా?" నా దగ్గర ఒక్కటీ లేదు. వందకి పైగా వీపులున్నాయి, అరికాలు ఒక్కటి లేదు.

వారికోసా పాదం కింద, మధ్యలో, పొడవునా ఒక నల్లటి గీత ఉంటుంది. దాంతో బాగా పొరబడేది ఫిలిడియా సెలెస్టిస్. పైనుంచి దానికీ నీలం, నలుపు, పసుపే, కానీ అరికాలి మీద ఆ గీత ఉండదు. సెలెస్టిస్‌లలో చాలావాటికి వీపు ముందుభాగంలో లేత నీలం రంగులో ఇంగ్లీషు 'వై' అక్షరం ఆకారం కూడా కనిపిస్తుంది, అలవాటైతే కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. సరే, గీత ఉంటే వారికోసానే అనుకోవచ్చా అంటే అదీ కుదరదు, ఫిలిడియా ఎలిగాన్స్‌కీ గీత ఉంటుంది. అప్పుడు మళ్ళీ వీపు దగ్గరికి రావాలి. ఎలిగాన్స్ బొడిపెలు విడివిడిగా ఉంటాయి, పొడవాటి గట్లుగా కలిసిపోవు, ఒంటి రంగు లేత బూడిద లేదా గులాబీ ఛాయ. ఇక ఫిలిడియెల్లా పుస్టులోసా అయితే కొమ్ములు నల్లగా ఉంటాయి, బొడిపెలు గులాబీ రంగు గుత్తులు, పసుపు ఉండదు. దాంతో గొడవ తక్కువ.

చిత్తూరు వైపు మామిడి రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. తోతాపురిని రంగు చూసి చెప్తారా మీరు? పచ్చిగా ఉన్నా, పండినా, ఎండకి ఒకవైపు ఎర్రబడినా, చిలుక ముక్కులాంటి కొన చూసి చెప్తారు. నత్తల్లో కూడా రంగు వయసుని బట్టి, వెలుతురుని బట్టి మారుతుంది. వారికోసా పిల్లల్లో గట్లు తక్కువ, ఒక్కోసారి మూడే ఉంటాయి, పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి, అంచుల్లో చిన్న బొడిపెలు చేరతాయి. గట్టు కొన్నిట్లో ఏకధాటిగా ఉంటుంది, కొన్నిట్లో ముక్కలుగా తెగి ఉంటుంది. పసుపు నిమ్మపండు రంగు నుంచి నారింజ దాకా ఉండొచ్చు. దానికి తోడు నీళ్ళలో పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు పోతుంది, లైటు లేకుండా తీసిన ఫొటోలో ఆ నారింజ కూడా మసకగా మారిపోతుంది. 1993లో బ్రంక్‌హర్స్ట్ అనే పరిశోధకుడు ఈ కుటుంబం మొత్తాన్ని తిరగేసి రాసినప్పుడు రంగుతో పాటు ఒంటి లోపలి నిర్మాణం కూడా చూశారు. ఇప్పుడు డీఎన్‌ఏ కూడా చూస్తున్నారు, పుస్టులోసా అని ఒకే పేరుతో పిలిచేవాటిలో ఒకటి కంటే ఎక్కువ జాతులు ఉన్నట్టు తేలింది.

అసలు ఇన్ని జాతులు ఒకేలా ఎందుకుంటాయి? విషం వల్ల అనేది నాకు నచ్చిన సమాధానం. వారికోసా జిగురు అక్వేరియంలో చేపల్ని, రొయ్యల్లాంటి వాటిని చంపగలదని 1963లో జొహానెస్ అనే శాస్త్రవేత్త రాశారు. 1975లో హవాయిలో ష్యూవర్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం ఆ విషం ఏమిటో కనిపెట్టింది, ఆ రసాయనం పేరులో పుపుకేయా అనే అక్కడి ఊరి పేరు ఉంటుంది. నత్త ఆ విషాన్ని తాను తినే స్పాంజ్ నుంచే తీసుకుని దాచుకుంటుంది. ఒకసారి నోరు కాల్చుకున్న చేప ఆ రంగుల్ని గుర్తుపెట్టుకుంటే, ఆ రంగులున్న వాళ్ళందరికీ లాభమే. అందుకే వేరే జంతువులు కూడా ఈ వేషం వేస్తాయి. గ్రేఫీ అనే సముద్ర దోసకాయ పిల్లగా ఉన్నప్పుడు అచ్చం ఫిలిడియాలా ఉంటుంది, పెద్దయ్యాక పూర్తిగా మారిపోతుంది. పుస్టులోసాని అనుకరించే చదును పురుగు ఒకటుంది, దానికి 1994లో పేరు కూడా ఇమిటేటస్, అంటే అనుకరణ అనే అర్థం వచ్చేలా పెట్టారు. పురుగైతే కాగితంలా పలచగా ఉంటుంది, నత్త మందంగా, ముట్టుకుంటే గట్టిగా ఉంటుంది.

ముట్టుకుంటే అన్నాను కానీ దయచేసి ముట్టుకోకండి, దిబ్బ మీద నుంచి తీసి తిప్పకండి. అది రాయి అంచు దాటేటప్పుడు ఓపిగ్గా కాచుకుంటే పాదం అదే కనిపిస్తుంది, నేను చివరిసారి వెళ్ళినప్పుడు ఒక్క ఫొటో కోసం ఇరవై నిమిషాలు అలాగే తేలుతూ ఉన్నాను. పైనుంచి ఒకటి, పక్కనుంచి కొమ్ములు కనిపించేలా ఒకటి, వీలైతే కింద ఒకటి, ఎంత లోతులో చూశారో, ఏ స్పాంజ్ మీద ఉందో రాసుకోండి.

తెర మీద ఇప్పుడు కనిపిస్తున్నది నా మొదటి ప్రయాణం ఫొటో. వీపు అందంగా ఉంది, ముందుభాగం పగడం చాటున ఉండిపోయింది, అరికాలు లేదు. దీని కింద ఇంతకుముందు వారికోసా అని ఉండేది. అది కొట్టేసి ఫిలిడియా అని మాత్రమే రాశాను.