డిశ్చార్జి రోజు

శ్రోతలకు నమస్కారం.

ఆస్పత్రిలో డిశ్చార్జి రోజు ఎంత హడావుడిగా ఉంటుందో మీలో చాలామందికి అనుభవమే. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు “ఇవాళ ఇంటికెళ్ళిపోవచ్చు” అంటారు. ఇక ఎవరికీ కాలు నిలవదు. కొడుకు బిల్లు కౌంటర్ దగ్గర, అల్లుడు మందుల షాపు దగ్గర ఉంటారు. కోడలు ఫ్లాస్కూ బట్టలూ సర్దుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే సిస్టర్ ఫైలు పట్టుకొని వస్తుంది. “ఇది పరగడుపున, ఇవి రెండూ తిన్నాక, ఇది పడుకోబోయే ముందు. ఈ యాంటీబయాటిక్ 5 రోజులే. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. 10 రోజులకి రివ్యూకి రండి. అర్థమైందా అమ్మా?” మంచం మీద ఉన్న పెద్దావిడ తలూపుతుంది. సిస్టర్ పక్క మంచానికి వెళ్ళిపోతుంది. వార్డు నిండా మనుషులున్నారు, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

ఆ తలూపడం చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఇంట్లో మాత్రలు తీసిచ్చేది కోడలు. ఆమె విన్నది సగం మాటలే. చేతికిచ్చిన కాగితం చూస్తే ఇంగ్లీషులో ఉంటుంది. ఆస్పత్రుల్లో కొత్త సాంకేతికత అనగానే మన ధ్యాస స్కానింగ్ మిషన్ల మీదికీ, రోబో ఆపరేషన్ల మీదికీ పోతుంది. నేను మాత్రం ఇవాళ సిస్టర్ మందుల సంగతి చెప్పే ఈ కాసేపటి గురించి మాట్లాడతాను.

అమెరికాలో బోస్టన్ మెడికల్ సెంటర్ అని ఒక పెద్దాస్పత్రి ఉంది. పేదవాళ్ళు ఎక్కువగా వెళ్ళే ఆస్పత్రి. డిశ్చార్జి అయినవాళ్ళలో కొందరు నెల తిరక్కుండానే మళ్ళీ ఎమర్జెన్సీకి వస్తున్నారని గమనించి, డాక్టర్ బ్రయన్ జాక్ బృందం డిశ్చార్జి పద్ధతినే మొదటినుంచీ మార్చి రాసింది. ప్రతి రోగికీ వాళ్ళ పేరుతో ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఏ మందు ఎందుకు, ఏ పూట, ఎన్ని. మళ్ళీ ఏ రోజు ఎవరి దగ్గరికి రావాలి. తేడా వస్తే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి – అన్నీ అందులో ఉంటాయి. ఒక నర్సు మంచం పక్కన కూర్చొని పేజీ పేజీ చెబుతుంది. ఇంటికెళ్ళిన 2 నుంచి 4 రోజుల్లో ఫార్మసిస్టు ఫోన్ చేసి మందులు ఎలా వాడుతున్నారో కనుక్కుంటారు. ఇంతే. 2009లో ఫలితాలు ప్రచురించారు: మామూలు పద్ధతిలో పంపినవాళ్ళతో పోలిస్తే, 30 రోజుల లోపల ఆస్పత్రికో ఎమర్జెన్సీకో తిరిగి రావడం సుమారు 30 శాతం తగ్గింది.

చిక్కల్లా నర్సు సమయం దగ్గర వచ్చింది. ఒక్కో రోగికి గంటకు పైగా పట్టే పని అది. ప్రతి వార్డులో అంత తీరిక ఎవరికుంటుంది? అదే ఊళ్ళో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో పనిచేసే టిమొతీ బిక్‌మోర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అప్పటికే మనిషిలా మాట్లాడే తెర బొమ్మల మీద పరిశోధన చేస్తున్నారు. ఇద్దరి బృందాలూ కలిసి తెర మీద కనిపించే నర్సును తయారుచేశాయి. రెండు రూపాలున్నాయి, ఒకటి ఎలిజబెత్, ఇంకోటి లూయిస్.

దీన్ని ఎలా అమర్చారో కాస్త నిదానంగా చెప్పాలి. చక్రాల స్టాండుకి ఒక చెయ్యి, ఆ చేతికి టచ్ స్క్రీన్. పడుకున్న మనిషి కళ్ళ ముందుకి దాన్ని లాగుతారు. కాగితం పుస్తకం మాత్రం రోగి చేతిలోనే ఉంటుంది. తెర మీద లూయిస్ కూడా అదే పేజీ చూపిస్తూ, వేలుపెట్టి “ఈ మాత్ర చూడండి” అంటుంది. మొదట నాలుగు లోకాభిరామం మాటలు, ఆ తర్వాతే మందులు. రోగి జవాబు నోటితో చెప్పక్కర్లేదు, తెర మీద కనిపించే జవాబుల్లో తనకు కావలసినదాన్ని తాకితే చాలు. మిషన్ మాటను తప్పుగా వింటే మందుల విషయంలో ప్రమాదం కదా. “మళ్ళీ చెప్పండి” అన్నది తాకితే లూయిస్ విసుక్కోకుండా మళ్ళీ చెబుతుంది. చివర్లో చిన్న ప్రశ్నలు వేస్తుంది, ఫలానా మాత్ర ఏ పూట వేసుకుంటారని. తప్పు చెబితే మళ్ళీ వివరిస్తుంది. ఇంకా తేలని సంగతులుంటే వాటిని అసలు నర్సుకి అందజేస్తుంది.

రోగుల్లో ఎక్కువమంది ఈ వివరాలు డాక్టరు, నర్సుల నోట వినడం కన్నా లూయిస్ దగ్గర వినడమే బాగుందన్నారు. కంగారు పెట్టలేదు, తమకోసం సమయం ఇచ్చింది అన్నది వాళ్ళ సంతోషం. ఇది నాకు ఆశ్చర్యం అనిపించలేదు. డాక్టరుగారిని రెండోసారి అడగాలంటే మనకు మొహమాటం. మూడోసారి అడిగితే ఏమనుకుంటారో అని భయం. చదువు రానివాళ్ళకి ఆ భయం ఇంకా ఎక్కువ. తెర దగ్గర ఆ బెరుకు పోయిందంటే, ఆ పరికరం చేసిన అసలు మేలు అదే అంటాను.

మన దగ్గరా కొన్ని మార్పులు వచ్చాయి. ఆభా అంటే ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా. 2022లో దాంతో స్కాన్ అండ్ షేర్ మొదలైంది. ఆస్పత్రి గుమ్మంలో క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరూ ఊరూ కౌంటర్‌కి చేరిపోయి టోకెన్ నంబరు వస్తుంది. ఓపీ చీటీ కోసం తెల్లవారుజామునే లైనులో నిలబడేవాళ్ళకి అది చిన్న ఉపకారం కాదు. కానీ ఆ శ్రద్ధంతా ఆస్పత్రిలోకి వెళ్ళే దారి మీద పెట్టాం. ఇంటికి వచ్చే దారి మీద అంత పెట్టలేదు.

లూయిస్‌ని యథాతథంగా తెచ్చి మన వార్డులో నిలబెడితే పనికిరాదు. చదవలేని మనిషికి తెర మీది జవాబులు కూడా చదివి వినిపించాలి. పక్కనున్న కోడలితోనో కూతురితోనో కూడా మాట్లాడాలి. మాత్రల షీటు ఫోటో, అదే రంగు, అదే సైజు చూపించాలి. ఆ మాటలన్నీ తెలుగులో రికార్డయి ఇంటి ఫోన్‌కి రావాలి, రాత్రి సందేహమొస్తే మళ్ళీ వినడానికి. మనవాళ్ళు నిజంగా అడిగే ప్రశ్నలకి అందులో చోటుండాలి. పథ్యం ఏమిటి, వంకాయ తినొచ్చా, పెరుగు పడుతుందా? శనివారం ఒక్కపొద్దు ఉంటే, రంజాన్‌లో ఉపవాసం ఉంటే షుగర్ మాత్ర సంగతేమిటి? షీటు అయిపోతే బీపీ మాత్ర మళ్ళీ కొనాలా? చివరిది చాలామంది అడగనే అడగరు. షీటుతోపాటు మందూ ఆగిపోతుంది, జబ్బు ఆగదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇలాంటి పరికరం వచ్చింది కదా అని నర్సుల సంఖ్య తగ్గిస్తామంటే నేను ఒప్పుకోను. బోస్టన్‌లో కూడా తేలని ప్రశ్న చివరికి మనిషి దగ్గరికే వెళ్ళింది. మనకు 2007లో ఆరోగ్యశ్రీతో పాటు వచ్చిన ఆరోగ్యమిత్రలున్నారు. ఆస్పత్రిలో దిక్కుతోచని మనిషిని పలకరించి, కాగితాలు చూసి, దారి చూపేది వాళ్ళే. తెర పక్కన అలాంటి మనిషి ఒకరు ఉంటే, మొదటిసారి దాన్ని తాకడానికి జంకే ముసలాయన చెయ్యి కూడా ముందుకొస్తుంది.

అవన్నీ వచ్చేలోగా మనం చేసుకోగలిగినది ఒకటుంది. మీ ఇంట్లో ఎవరైనా డిశ్చార్జి అవుతుంటే, మందులు ఇచ్చే మనిషిని మంచం దగ్గర నుంచి కదలనివ్వకండి. బిల్లు పని ఇంకొకరు చూసుకోవచ్చు. సిస్టర్ చెప్పేటప్పుడు “ఫోన్‌లో రికార్డు చేసుకోమంటారా అమ్మా?” అని అడగండి. ఆవిడ చెప్పడం అయ్యాక, మీకు అర్థమైంది మీ మాటల్లో ఆవిడకే తిరిగి చెప్పండి, పొద్దున ఏవి, రాత్రి ఏవి, ఎన్ని రోజులు అని. తప్పుంటే అక్కడే సరిచేస్తారు.

సెలవు. నమస్కారం.