కరపత్రం మీద మొదట రాయాల్సింది తేదీ

సభకు నమస్కారం.

పొద్దున్నుంచి మీరు ప్రథమ చికిత్స గురించి, శాఖ లెక్కలు రాసే పద్ధతి గురించి విన్నారు. ప్రచారం గురించి మాట్లాడమని ఈ గంట నాకు ఇచ్చారు. మీలో ఎక్కువమంది ఈ ఏడాదే మీ ఊరి రెడ్‌క్రాస్ శాఖలో ప్రచార బాధ్యత తీసుకున్నారు. కొందరు కాలేజీల్లో యూత్ రెడ్‌క్రాస్ చూస్తున్నారు. ఫేస్‌బుక్ పేజీ పెట్టాలా, ఫ్లెక్సీ ఏ సైజులో వేయించాలి అని ఇందాక టీ దగ్గర అడిగారు. ఆ సంగతులకు వస్తాను. ముందు నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు చెప్పాలి.

అప్పటికి నేను ఏ సంస్థలోనూ సభ్యుణ్ణి కాను. మా వీధిలో ఒక పెద్దాయనకు గుండె ఆపరేషన్ పడింది. బి నెగెటివ్ రక్తం కావాలి. ఆయన కొడుకు మా ఇంటికి వచ్చి, "నీకు చాలామంది తెలుసు కదన్నా, కాస్త చూడు" అన్నాడు. నేను అక్కడికక్కడే ఫోన్‌లో రాశాను: "అర్జెంట్. బి నెగెటివ్ రక్తం కావాలి. దయచేసి అందరికీ పంపండి." కింద ఆ అబ్బాయి నంబరు పెట్టాను. రెండు గంటల్లో ముగ్గురు దాతలు దొరికారు. ఆపరేషన్ బాగానే జరిగింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

నాలుగు నెలల తర్వాత ఆ పెద్దాయన వేరే జబ్బుతో పోయారు. పెద్దకర్మ రోజు భోజనాలు జరుగుతుండగా ఆ అబ్బాయి ఫోన్ మోగింది. "నాన్నగారికి రక్తం దొరికిందా అండీ? నాది బి నెగెటివే, బయల్దేరమంటారా?" విజయనగరం నుంచి ఎవరో చేశారు. తర్వాత బళ్లారి నుంచి ఒకరు. ఏడాది దాటినా ఫోన్లు ఆగలేదు. చేసినవాళ్లంతా మంచివాళ్లే, పని మానుకుని బస్సెక్కడానికి సిద్ధపడ్డవాళ్లే. ప్రతి ఒక్కరికీ ఆ అబ్బాయి, "నాన్న లేరండీ" అని చెప్పుకోవాల్సి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకరోజు వచ్చి, "నంబరు మార్చేశానన్నా, కొత్తది రాసుకో" అన్నాడు. అంతే.

నేను రాసిన దాంట్లో తేదీ లేదు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు లేవు. ఎప్పటిదాకా కావాలో లేదు. అందుకే అది ఎక్కడికి వెళ్లినా, ఎన్నాళ్లకు వెళ్లినా, ఆ రోజే రాసినట్టు కనిపించింది. దాన్ని వెనక్కి పిలిచే దారి నాకు లేకపోయింది.

కాబట్టి మీ శాఖ పేరుతో ఏది బయటికి వెళ్లినా, మొదటి వరుసలో తేదీ ఉండాలి. తర్వాత ఊరు, రక్తనిధి పేరు, ఎన్ని యూనిట్లు, ఏ రోజు ఎన్ని గంటల వరకు. ఫోన్ నంబరు రోగి ఇంటివాళ్లది వేయకండి, శాఖది వేయండి. అవసరం తీరిన వెంటనే, "దొరికింది, అందరికీ ధన్యవాదాలు, ఇక పంపవద్దు" అని అదే గ్రూపుల్లో పెట్టండి. ఈ రెండో సందేశం పెట్టడానికి చాలామందికి తీరిక ఉండదు. మొదటిది రాసినవాళ్లే రెండోది కూడా రాయాలని మా శాఖలో నియమం పెట్టుకున్నాం.

ఇప్పుడు "అర్జెంట్" అనే మాట గురించి. ఒక మనిషి పరుగెత్తుకొచ్చి రక్తం ఇస్తే అది ఆ నిమిషంలో రోగికి ఎక్కదు. ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి. రోగి రక్తంతో సరిపోతుందో లేదో చూడాలి. దీనికి గంటలు పడుతుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడి అర్ధరాత్రి వచ్చిన మనిషిని, కాన్పులో రక్తం పోతున్న తల్లిని నిలబెట్టేది అప్పటికే ఫ్రిజ్‌లో ఉన్న రక్తం. అంటే పోయిన వారమో, అంతకు ముందు వారమో ఎవరో ఇచ్చిపోయినది. ఆ దాతకు రోగి ఎవరో తెలియదు, ఆ రోజున ఎవరూ అర్జెంటుగా అడగనూ లేదు. మన ప్రచారం ఎక్కువ భాగం ఆ మామూలు రోజున, ఆ మామూలు మనిషి కోసం జరగాలి.

మన సంస్థ పుట్టుకలోనే ఈ ఆలోచన ఉంది. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలో సోల్ఫరీనో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. సొంత వ్యాపారం పని మీద అటు వెళ్లిన జెనీవా పౌరుడు హెన్రీ డ్యునాంట్, గాయపడి పడి ఉన్న వేలమందిని చూశాడు. దగ్గరలోని ఊరి ఆడవాళ్లను కూడగట్టి నీళ్లిచ్చాడు, కట్లు కట్టాడు. ఇంటికి తిరిగి వచ్చాక 1862లో ఆ సంగతులన్నీ చిన్న పుస్తకంగా రాసి, సొంత డబ్బుతో 1600 ప్రతులు అచ్చు వేయించి, యూరప్‌లోని పాలకులకు, పెద్దలకు పంపాడు. అందులో ఆయన అడిగింది, యుద్ధం లేని రోజుల్లోనే సహాయ సంఘాలు కట్టుకుని సిద్ధంగా ఉండలేమా అని. మరుసటి ఏడాది జెనీవాలో ఐదుగురితో కమిటీ ఏర్పడింది. మన దేశంలో 1920లో చట్టం ద్వారా ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ వచ్చింది. 1600 పుస్తకాలు ఎవరికి పంపాలో కూర్చుని ఆలోచించిన మనిషి నుంచి మన పని మొదలైందని నేను అనుకుంటాను. ఈ బాధ్యతను ఫోటోలు తీసే పనిగా ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఈ సంగతి చెప్పండి.

ఇక క్యాలెండర్. నాకు ఎక్కువ సమయం కావాల్సింది దీనికే.

మామూలు సంచిలో తీసిన రక్తాన్ని 35 రోజులు నిల్వ ఉంచవచ్చు. ప్రత్యేక ద్రావణం కలిపి ఎర్రకణాలను విడిగా ఉంచితే 42 రోజులు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ప్లాస్మాను గడ్డకట్టించి ఏడాది దాకా ఉంచవచ్చు. ఇప్పుడు మన శిబిరాలు ఎప్పుడు జరుగుతాయో చూడండి. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినోత్సవం. రక్తంలో గ్రూపులు ఉన్నాయని కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజు అది. అక్టోబర్ 1 మన జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం. ఇవి కాక గణతంత్ర దినం, పంద్రాగస్టు, నాయకుల పుట్టినరోజులు, అభిమాన హీరోల పుట్టినరోజులు. అక్టోబర్ 1న ఊళ్లో నాలుగు చోట్ల శిబిరాలు పెడితే ఆ రక్తం గడువు నవంబర్ 5కి అయిపోతుంది. అంత రక్తం ఒక్కసారి వస్తే రక్తనిధి వాళ్లకు ఎక్కడ సర్దాలో తెలియదు. డిసెంబర్‌లో మళ్లీ మనకే ఫోన్ చేస్తారు.

అన్నిటికంటే కష్టమైన కాలం ఏప్రిల్, మే. కాలేజీలకు సెలవులు. హాస్టళ్లు ఖాళీ. ఎండకు జనం బయటికి రారు. పెళ్లిళ్లు, ప్రయాణాలు. కానీ తలసీమియా అనే రక్త జబ్బు ఉన్న పిల్లలకు ఎండాకాలం సెలవులు లేవు. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాల్సిందే. మే నెలలో ఆ తల్లుల ముఖాలు చూసినవాళ్లు ఇక జూన్ 14 దాకా ఆగలేరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను, రాసుకోండి. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక 90 రోజులకు మళ్లీ ఇవ్వవచ్చు, ఆడవాళ్లు 120 రోజులకు. జనవరి 26 శిబిరంలో ఇచ్చిన మగవాళ్లకు ఏప్రిల్ 26తో గడువు తీరుతుంది. ఆడవాళ్లకు మే 26తో. అంటే గణతంత్ర దినాన మీ రిజిస్టర్‌లో ఎక్కిన పేర్లే మీ ఎండాకాలం దాతల జాబితా. ఒకసారి ఇచ్చి భయం పోయినవాళ్లు. కొత్తవాళ్లను ఒప్పించడానికి పడే కష్టం ఇక్కడ లేదు. ఏప్రిల్ మూడో వారంలో ఒక్కొక్కరికీ పేరు పెట్టి ఫోన్ చేయండి. "మీరు జనవరిలో ఇచ్చారు కదండీ, ఈ నెలాఖరుకి మళ్లీ ఇవ్వవచ్చు, ఉదయం 8 గంటలకల్లా వస్తే ఎండకు ముందే ఇంటికి వెళ్లిపోవచ్చు" అని. పెద్ద ఫ్లెక్సీ చేయలేని పని ఈ మాట చేస్తుంది. అభిమాన సంఘాల వాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి. పుట్టినరోజున వచ్చే వందమందిలో సగంమందిని ఆ రోజు పేరు రాసి పంపి, ఎండాకాలంలో రమ్మని అడగండి. మా ఊళ్లో కుర్రాళ్లు మొదట ఒప్పుకోలేదు. వాళ్లను రక్తనిధికి తీసుకెళ్లి మే నెలలో ఖాళీగా ఉన్న అరలు చూపించాక వాళ్లే తేదీ చెప్పారు.

శిబిరానికి పిలిచేటప్పుడు ఎవరు ఇవ్వవచ్చో ముందే రాయండి. వయసు 18 నుంచి 65. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి. ఏదైనా తిని రావాలి. ఇది చెప్పకపోతే, ఎంతో ధైర్యం చేసి వచ్చిన ఆడపిల్లను హిమోగ్లోబిన్ చాలలేదని వెనక్కి పంపాల్సి వస్తుంది. నలుగురిలో చిన్నబోయిన మనిషి మళ్లీ రాదు. వెనక్కి పంపినవాళ్లతో పక్కన కూర్చుని మాట్లాడటానికి ఒక సభ్యురాలిని పెట్టండి. ఇది కూడా ప్రచారమే, ఇంటికెళ్లి ఆ అమ్మాయి చెప్పే మాట మన కరపత్రం కంటే దూరం పోతుంది.

పత్రికల సంగతి పెద్దగా చెప్పనక్కర్లేదు. జిల్లా పేజీలు వచ్చాక మన వార్తకు చోటు దొరకడం కష్టం కాదు. ప్రెస్ నోట్ ఒక పేజీ దాటకూడదు. సాయంత్రం కాకముందే విలేకరికి అందాలి. పేర్లు ఒకటికి రెండుసార్లు సరిచూడండి. జరిగిపోయిన శిబిరం ఫోటో కంటే జరగబోయే శిబిరం వార్త వేయమని అడగండి. ఫోటో మనకు తృప్తినిస్తుంది, ముందు వచ్చిన వార్త దాతను తెస్తుంది.

ఫ్లెక్సీ గురించి అడిగారు. సైజు కంటే దాని మీద ఏం ఉందన్నది ముఖ్యం. మన మూల సూత్రాలు ఏడు, 1965లో వియన్నాలో ఆమోదించినవి. వాటిలో తటస్థత ఒకటి. ఒక పార్టీ నాయకుల ముఖాలతో నిండిన ఫ్లెక్సీ కింద రెడ్‌క్రాస్ శిబిరం నడిస్తే, రెండో పార్టీ వీధి నుంచి ఎవరూ రారు. జిల్లా శాఖకు కలెక్టరు అధ్యక్షులు, రాష్ట్ర శాఖకు గవర్నరు. ఎమ్మెల్యేగారు ప్రారంభిస్తే సంతోషమే, గౌరవంగా పిలుద్దాం. ఫ్లెక్సీ మీద మాత్రం తేదీ, చోటు, సమయం, ఫోన్ నంబరు పెద్దగా ఉండనివ్వండి. నేను దీని గురించి చాలామంది పెద్దల దగ్గర మాట పడ్డాను. అయినా ఇది వదులుకోవద్దని చెబుతాను.

గుర్తు గురించి కూడా. తెల్ల నేల మీద ఎర్ర శిలువ అంటే యుద్ధభూమిలో "ఇక్కడ కాల్చవద్దు" అని అర్థం. స్విట్జర్లాండ్ జెండా రంగులు తారుమారు చేసి 1864లో దాన్ని తీసుకున్నారు. మన దేశంలో 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం ఎవరు పడితే వాళ్లు దాన్ని వాడకూడదు. మందుల షాపుల మీద, క్లినిక్‌ల బోర్డుల మీద అలవాటుగా వేస్తున్నారు. వెళ్లి నెమ్మదిగా చెప్పండి. చాలామందికి తెలియక వేస్తారు. మనం మాత్రం చందా ఇచ్చిన దుకాణం ప్రకటన పక్కన దాన్ని అలంకారంగా వేయకూడదు.

ఇక సభ్యులు. జీవిత సభ్యత్వం తీసుకున్నవాళ్లకు చాలా శాఖల్లో మళ్లీ ఫోన్ వెళ్లేది కమిటీ ఎన్నికలప్పుడే. రసీదు బీరువాలో పెట్టి మరిచిపోతారు. ఎవరు ఏ పని చేయగలరో మనం అడగం. మా సభ్యుల్లో ఒక ఆటో డ్రైవర్ ఉన్నారని, రాత్రిపూట దాతలను ఇంటి దగ్గర దింపుతానని ఆయన మూడేళ్ల నుంచి ఎదురు చూస్తున్నారని నాకు అనుకోకుండా తెలిసింది. నాకు చాలా బాధేసింది. మూడు నెలలకొకసారి ఒక పేజీ ఉత్తరం పంపండి. ఎంత రక్తం వచ్చింది, డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, వచ్చే నెల ఏం పని ఉంది. ఫోన్‌లో చదవలేని పెద్దవాళ్లకు కాగితం మీద ఇవ్వండి.

తుపాను రోజుల గురించి ఒక్క మాట. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి ఇక్కడి పెద్దలకు గుర్తుంటుంది. అలాంటప్పుడు జనం ఇవ్వడానికి ముందుకొస్తారు. ఏం కావాలో మనం చెప్పకపోతే ఇంట్లో ఉన్నది ఇస్తారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు గుట్టలుగా రోడ్ల పక్కన పడి ఉన్నాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. దుప్పట్లా, వంట పాత్రలా, ఎన్ని, ఏ రోజు వరకు తీసుకుంటాం అన్నది ముందే చెప్పాల్సినవాళ్లం మనం. సాయం తీసుకుంటున్నవాళ్ల ముఖాలు ఫోటోల్లో చూపించకండి. వాళ్లు నిన్నటిదాకా మనలాగే ఒకరికి పెట్టినవాళ్లు.

భోజనానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మీ ముందు ఖాళీ కాగితాలు పెట్టించాను. ఏప్రిల్ చివరి వారంలో మీ ఊళ్లో పెట్టబోయే శిబిరానికి దాతలను పిలుస్తూ ఐదు వరుసలు రాయండి. కింద, అది ముగిశాక పంపే రెండో సందేశం కూడా రాయండి. పక్కవాళ్లకు ఇచ్చి చదివించండి. ఆరు నెలల తర్వాత వేరే ఊళ్లో ఎవరి చేతికో అది చిక్కితే, వాళ్లు ఫోన్ చేస్తారా చేయరా అన్నది ఆ పక్కవాళ్లు మీకు చెప్పాలి. రాసినవి నాకు ఇవ్వండి, భోజనాల తర్వాత ఒక్కొక్కటి తీసి చదువుదాం.