ఖాళీ మేడకు మొదటి ఏడాది

శ్రోతలకు నమస్కారం.

నగరం నడిబొడ్డున ఖాళీ పడిన మేడలోకి మొట్టమొదట జొరబడేది వాన నీరు. దొంగలు, నిప్పు, కూలిపోయే గోడలు అన్నీ దాని వెనకే వస్తాయి. అందుకే కళ తప్పిన వ్యాపార వీధుల సంగతి ఈ రోజు పైకప్పు నుంచి మొదలుపెడదాం.

మేడలో మనుషులున్నంత కాలం ఎవరో ఒకరు డాబా మీది ఆకులు ఊడుస్తారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఒక ప్లాస్టిక్ సంచీ, కాసిని ఆకులు, పావురాల రెట్ట కలిసి నీళ్ళు పోయే తూమును మూసేస్తాయి. పిట్టగోడ చుట్టూ ఉంటుంది కాబట్టి డాబా చెరువవుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు నీరు నిలిస్తే 10 కిలోల బరువు. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 సెంటీమీటర్లు, అంటే సుమారు సగం జానెడు నీరు నిలిస్తే 10 టన్నులు. ఆ బరువుకు కప్పు కాస్త కుంగుతుంది, కుంగిన చోటికి ఇంకా నీరు చేరుతుంది, దాంతో మరికొంత కుంగుతుంది.

కిందికి దిగిన నీరు చేసే పని కట్టడాన్ని బట్టి ఉంటుంది. కర్రలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే కుళ్ళు మొదలవుతుంది. ఇటుక గోడలోకి దూర్చిన దూలం కొనలు అన్నిటికంటే ముందు పోతాయి. గాలి తగలని చోటు అదే, చెమ్మ ఆరనిదీ అక్కడే. బయటి నుంచి చూస్తే దూలం నిక్షేపంగా కనిపిస్తుంది, కొన మాత్రం పొట్టులా రాలుతుంది. కాంక్రీటు మేడలో లోపలి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొట్టి పెచ్చులుగా రాలుస్తుంది. చలి దేశాల్లో ఇంకో ప్రమాదం ఉంది. హీటింగ్ ఆపేసిన మేడలో గొట్టాల్లోని నీరు గడ్డ కట్టి 9 శాతం దాకా వ్యాకోచిస్తుంది, గొట్టం చీలుతుంది. మంచు కరిగిన రోజున అంతస్తులన్నీ తడిసిపోతాయి.

అందువల్ల మేడకు తాళం వేసే రోజునే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వీధి గొట్టం దగ్గరే నీటి వాల్వు మూసేసి, పై అంతస్తు నుంచి కింది దాకా కుళాయిలన్నీ తెరిచి గొట్టాలు ఖాళీ చేయాలి. గ్యాసు కనెక్షన్ తీయించాలి. సింకులు, మరుగుదొడ్ల కింది వంపుల్లో నిలిచే నీటిని మరిచిపోకూడదు. అది ఎండిపోతే మురుగు కాలువ వాయువు నేరుగా గదుల్లోకి వస్తుంది, అలాగే వదిలేస్తే చలికి గడ్డ కట్టి పింగాణీ పగులుతుంది. అందుకే ఆ వంపుల్లో గడ్డ కట్టని ద్రావణం పోస్తారు. తూములు శుభ్రం చేసి, వాటిపై గంపలాంటి జాలీలు బిగించాలి.

ఇక కిటికీలు. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. పలచటి ప్లైవుడ్ ముక్క తెచ్చి నాలుగు మేకులు కొట్టి పోతారు. చిన్న గడ్డపలుగుతో అది క్షణాల్లో ఊడి వస్తుంది. సరైన పద్ధతి వేరు. కనీసం అరంగుళం మందమున్న ప్లైవుడ్‌ను బయట పెట్టి, లోపల కిటికీకి అడ్డంగా రెండడుగులకొకటి చొప్పున బలమైన చెక్క పట్టీలు ఉంచి, రెంటినీ కలుపుతూ పొడవాటి బోల్టులు వేయాలి. బోల్టు తల గుండ్రంగా ఉండి బయటికి, నట్టు లోపలికి రావాలి. అప్పుడు బయటివాడికి స్పానరు పట్టుకోవడానికి అంచు దొరకదు. ఒక్క తలుపు మాత్రం తాళంతో తెరవగలిగేలా వదలాలి. తనిఖీకి, అగ్నిమాపక దళానికి దారి కావాలి కదా.

అయితే మేడను డబ్బాలా మూసేస్తే కూడా చెడుతుంది. గాలి ఆడని చోట గోడలకు చెమ్మ పట్టి బూజు పుడుతుంది. కిందా పైనా కొన్ని కిటికీల్లో వాన పడని వాలు పలకలు, వాటి వెనక ఎలుకలూ పక్షులూ దూరని జాలీ పెట్టాలి. కింద దూరిన గాలి పై నుంచి పోతుంది.

వీధి వైపు చెక్కలు కొట్టిన మేడకు ఇంకో నష్టం ఉంది: ఇక్కడ ఎవరూ లేరని దారిన పోయే ప్రతివాడికీ అది చాటి చెబుతుంది. 2011లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం ఖాళీ భవనాల యజమానులు చెక్కలు కాకుండా పనిచేసే తలుపులు, కిటికీలే పెట్టాలని నిబంధన అమలులోకి తెచ్చింది. దాన్ని పాటించిన మేడల చుట్టుపక్కల తుపాకి దాడులు తగ్గినట్టు ఆ తరవాతి పరిశోధనలో తేలింది. వీధి ముఖంగా ఉన్న మేడలకు ఇదే మేలైన దారి.

దొంగలు రాగి కోసం వస్తారు. తీగలు, గొట్టాలు, కప్పు అంచున వాన నీటి రేకులు. వాళ్ళకు దొరికే సొమ్ము కొద్దిపాటిది, తిరిగి వేయించడానికయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. వాల్వు మూయని మేడలో గొట్టం కోస్తే వారాల తరబడి నీరు పారుతుంది. గ్యాసు గొట్టం కోస్తే వీధే లేచిపోవచ్చు.

నిప్పు మాట వస్తే మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణం గుర్తుకు రావాలి. 1999 డిసెంబరు 3న అక్కడ పాడుపడిన కోల్డ్ స్టోరేజీ గిడ్డంగి అంటుకుంది. లోపల మనుషులున్నారేమోనని వెతకడానికి వెళ్ళినవారు, వారి కోసం వెళ్ళినవారు, కిటికీలు లేని ఆ చీకట్లో దారి తప్పారు. ఆరుగురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. లోపలికి వెళ్ళకూడని ఖాళీ మేడలకు ఎర్ర పలక మీద తెల్లటి గుణకారం గుర్తు పెట్టే పద్ధతి అమెరికాలో చాలా చోట్ల ఉంది. ఒక్క ఏటవాలు గీత ఉంటే లోపల ప్రమాదాలున్నాయి, జాగ్రత్త అని అర్థం. పలక ఒక్కో వైపు 24 అంగుళాలకు తగ్గదు. ఇంత చవకగా ప్రాణాలు కాపాడే పని మరొకటి ఉండదు, దీనికి ఏ నగరమూ ఆలస్యం చేయకూడదు.

ఇదంతా యజమాని ఎందుకు చేయడు? ఎక్కువసార్లు కారణం లెక్కే. మరమ్మతుకు పది రూపాయలు పెడితే, బాగుపడిన మేడ ఏడు రూపాయలకే అమ్ముడుపోయే వీధి అది. ఆ మూడు రూపాయల గుంత ఎవరు పూడుస్తారన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో చారిత్రక భవనంగా నమోదై, ఆదాయం తెచ్చే మేడ అయితే మరమ్మతు ఖర్చులో 20 శాతం కేంద్ర పన్నులోంచి తగ్గిస్తారు. చాలా పాత థియేటర్లు, హోటళ్ళు అలాగే లేచి నిలబడ్డాయి. ఇంకొందరు యజమానులు ధర పెరుగుతుందని కూర్చుంటారు. మరికొందరు చనిపోయి ఉంటారు, వారసులు పదిమంది, సంతకానికి ఒక్కరూ దొరకరు. పన్ను బకాయి పెరిగి పెరిగి మేడ విలువను దాటుతుంది. అప్పుడిక కొనేవాడే ఉండడు.

ఈ చిక్కుముడిని మిషిగన్ రాష్ట్రం 1999లో చట్టం మార్చి విప్పింది. అంతకుముందు పన్ను బకాయి వసూలు చేసుకునే హక్కులను పెట్టుబడిదారులకు అమ్మేవారు, ఆస్తి ఏళ్ళ తరబడి ఎటూ తేలేది కాదు. కొత్త చట్టంతో కౌంటీయే, అంటే మన జిల్లాలాంటి పాలనా విభాగమే, మూడేళ్ళలోపు కోర్టు ద్వారా చిక్కులేని హక్కు పొందే వీలు కలిగింది. ఫ్లింట్ నగరమున్న జెనెసీ కౌంటీ 2002లో ల్యాండ్ బ్యాంకు, అంటే పాడుపడిన ఆస్తులు చూసుకునే ప్రభుత్వ సంస్థ పెట్టి, అలా వచ్చిన స్థలాలను పొరుగువారికి అమ్మడం, బాగుచేయడం, పనికిరానివి కూల్చడం మొదలుపెట్టింది. హక్కు పత్రం తేలని మేడకు ఎంత మంచి ఇంజినీరు వచ్చినా లాభం లేదు.

కూల్చివేత చాలామందికి సులువైన మందులా కనిపిస్తుంది. మిషిగన్‌లోనే ఉన్న డెట్రాయిట్ నగర జనాభా 1950లో 18 లక్షల 50 వేలు, 2020లో 6 లక్షల 40 వేల లోపు. 2014లో వీధి వీధీ తిరిగి లెక్క తీస్తే 40,077 కట్టడాలు పాడుపడినవిగా తేలాయి. అన్ని నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. కానీ అదే నగరంలోని హడ్సన్స్ అనే పెద్ద బహుళ వస్తు దుకాణం చూడండి. ఆ సంస్థే 1954లో శివారులో నార్త్‌లాండ్ అనే పెద్ద షాపింగ్ కేంద్రం కట్టింది, కొనుగోలుదారులు అటు మళ్ళారు. నడిబొడ్డున ఉన్న దుకాణం 1983లో మూతపడింది, 1998 అక్టోబరులో పేలుడు పదార్థాలతో కూల్చారు. ఆ చోట కొత్త కట్టడం పని మొదలయ్యేసరికి 2017 డిసెంబరు. కొనేవాడు లేని చోట కూల్చితే మిగిలేది మరో ఖాళీ.

కూల్చక తప్పనప్పుడు ముందు ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉందేమో పరీక్షించి తీసేయాలి, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతూ పడగొట్టాలి. పునాది గుంతను శిథిలాలతో నింపి పైన మట్టి పరిస్తే తరవాత కుంగుతుంది, మంచి మట్టిని పొరలు పొరలుగా తొక్కించాలి. ఆనుకుని ఉన్న పక్క మేడ గోడ అప్పటిదాకా వాన చూడనిది. దానికి వెంటనే గార వేయకపోతే అదీ తడిసి పాడవుతుంది.

మిగిలిన ఖాళీ స్థలానికి ఖర్చు తక్కువ. చెత్త ఎత్తి, చదును చేసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, మనుషులు నడిచి రాగలిగే పొట్టి చెక్క కంచె కడితే సరిపోతుంది. ఫిలడెల్ఫియాలో 541 స్థలాల మీద లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. బాగుచేసిన స్థలాలున్న పేద వాడల్లో తుపాకి హింస 29 శాతం తగ్గింది. ఎండాకాలంలో గడ్డి కోసే మనిషికి జీతం ఇస్తూ ఉండాలి, అది ఆపితే మళ్ళీ మొదటికే.

మీ వీధిలో అలాంటి మేడ ఉంటే పెద్ద వాన కురిసిన మర్నాడు పక్క గోడను చూడండి. కొత్తగా చెమ్మ మచ్చ కనిపిస్తే అవతల కప్పు కారుతోందన్నమాట. తేదీ కనిపించేలా ఫోటో తీసి పురపాలక కార్యాలయానికి రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు వేయండి: ఆ మేడ డాబా తూములు ఎవరు శుభ్రం చేస్తున్నారు, నీటి వాల్వు మూసి ఉందా, పన్ను ఎప్పటి నుంచి బకాయి ఉంది.