రోహిణి కార్తె తెలివి దుబాయ్‌కీ పట్టుకెళ్లండి: శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ వారం మన కార్యక్రమంలో దుబాయ్ ప్రయాణం. మండే జూలైలో, కారు అద్దెకు తీసుకుని, భార్యాభర్తలిద్దరే తిరిగి రావడం ఎలాగో మాట్లాడుకుందాం. స్టూడియోలో ఇద్దరున్నారు. పద్దెనిమిదేళ్లు దుబాయ్‌లో టాక్సీ నడిపి, నిరుడు సిరిసిల్లకు తిరిగొచ్చి సొంతంగా ట్రావెల్స్ పెట్టుకున్న అన్న ఒకరు, మన డాక్టర్ గారు ఒకరు. మొదటి కాల్. హలో?

శ్రోత (నెల్లూరు): హలో... హలో... నమస్తే మేడమ్...

వ్యాఖ్యాత: అమ్మా, మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

శ్రోత: ఏమండీ, అది తగ్గించండి. ఆ, చెప్పండి మేడమ్. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. మా పెళ్లయి ఇరవై అయిదేళ్లయింది. ఆ సందర్భంగా మావారు దుబాయ్‌కి టికెట్లు తీశారు. జూలై రెండో వారం, ఆరు రోజులు. చవగ్గా వచ్చాయంట.

అన్న: ఎందుకు చవకో చెప్పలేదామ్మా ఆయన?

శ్రోత: (నవ్వు) ఎండలని తెలుసు. మనం రోహిణి కార్తె చూడనివాళ్లమా అంటారు. కాగితం మీద ప్లాన్ రాశారు. మొదటిరోజు పొద్దున తొమ్మిదికి బయల్దేరి గోల్డ్ సూక్ అనే బంగారం బజారు, అక్కడినుంచి దుబాయ్ ఫ్రేమ్ అనే ఎత్తు కట్టడం, మధ్యాహ్నం పాత ఊరు, మిరకిల్ గార్డెన్ అనే పూలతోట, సాయంత్రం బీచ్, రాత్రికి బుర్జ్ ఖలీఫా. అన్నీ ఒక్కరోజులోనే. నాకు బీపీ ఉంది. తిరగగలనా అని నా ప్రశ్న. ఆయన ప్రశ్న వేరే ఉంది, పక్కనే కూర్చున్నారు.

అన్న: అమ్మా, ఆయన దూరాలు చూసి రాశారు. కిలోమీటర్ల లెక్కన ఒక్కరోజు పనే. ఎండ లెక్కన చూస్తే మూడు రోజుల పని. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో కూలి పని చేయించకూడదని సర్కారు నిషేధం. పని చేసేవాళ్లనే నీడకు పంపే టైంలో మీరు డబ్బు పెట్టి మరీ ఎండలో ఎందుకు తిరగాలి?

డాక్టర్: రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి మీరు నెల్లూరులో ఊరు చూడటానికి బయల్దేరతారా? తలుపులేసుకుని పడుకుంటారు కదా. అదే తెలివి అక్కడికీ పట్టుకెళ్లండి. పగలు 40 దాటుతుంది, రాత్రి కూడా 30కి అటూ ఇటూనే ఉంటుంది. పైగా సముద్రం పక్క ఊరు, ఉక్క. చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. బీపీకి నీరు ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నారా?

శ్రోత: పొద్దున ఒకటి వేసుకుంటాను, దాని తర్వాత రెండుమూడుసార్లు వెళ్లాల్సి వస్తుంది...

డాక్టర్: అదే అయ్యుండొచ్చు. ఆ మాత్ర మీద ఉంటే ఒంట్లో నీరు తొందరగా తగ్గుతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. మోతాదు మార్చాలా అన్నది వెళ్లేముందు మీ డాక్టర్‌ని అడగండి. మీ అంతట మీరు మానేయకండి. మాత్రలు స్ట్రిప్పుతోనే, చీటీతోనే తీసుకెళ్లండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు ముందే అనుమతి లేకుండా ఆ దేశంలోకి పట్టుకెళ్లకూడదు.

అన్న: గసగసాలు కూడామ్మా! మసాలా పొడిలో కలిపినా సరే. అక్కడ గసగసాలు నిషేధం. మనవాళ్లు కోడికూర మసాలా అని సంచిలో వేసుకొచ్చి ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటారు.

శ్రోత: అయ్యో, నేను మసాలా దంచి పెట్టుకున్నానండీ...

అన్న: దాన్ని ఇంట్లోనే వాడేయండి. ఇక ప్లాన్ తిరగరాద్దాం. పొద్దున ఆరింటికల్లా క్రీక్ ఒడ్డుకు వెళ్లండి, ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. అల్ ఫహీదీ అని పాత పేట ఉంది, సన్న సందులు, ఇళ్ల మీద గాలి పట్టే గోపురాలు. బర్జీల్ అంటారు. పైన వీచే గాలిని పట్టి గదిలోకి దించుతాయి, ఏసీ లేని రోజుల్లో అదే ఏసీ. ఎండెక్కితే ఆ సందుల్లో తిరగలేరు. అక్కడినుంచి అబ్రా పడవలో అవతలి ఒడ్డు దేరాకి దాటండి. ఒక్క దిర్హమే, అంటే దాదాపు పాతిక రూపాయలు. నన్నడిగితే దుబాయ్ మొత్తంలో పెట్టిన డబ్బుకు సరైన సంతోషం అదొక్కటే. పదింటి నుంచి పన్నెండు దాకా లోపల చూసేవి, ఫ్రేమో బుర్జ్ ఖలీఫానో. బుర్జ్‌లో సూర్యాస్తమయం టైం టికెట్ ధర ఎక్కువ, పొద్దుటిది తక్కువ. తర్వాత భోజనం, నిద్ర. అయిదు దాటాక మళ్లీ బయటికి. గోల్డ్ సూక్ సాయంత్రానికి పెట్టండి, మధ్యాహ్నం చాలా షాపులు మూసేస్తారు. మిరకిల్ గార్డెన్ కొట్టేయండి, ఎండాకాలం తెరవరు. గ్లోబల్ విలేజ్ అనే పెద్ద సంత కూడా అంతే.

శ్రోత: విన్నారా? ఇదిగో, మావారు మాట్లాడతారంట.

శ్రోత భర్త: నమస్తే సార్. ఇరవై ఏళ్లుగా సొంత బండి నడుపుతున్నాను. తిరుపతి, శ్రీశైలం, ఊటీ ఘాట్లు, అన్నీ తిరిగాను. మన లైసెన్స్ అక్కడ చెల్లుతుందా?

అన్న: విజిట్ వీసా మీద వెళ్తే మన లైసెన్స్‌తోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి సార్. ఇక్కడ ఆర్టీఓ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఇక మీ ఇరవై ఏళ్ల అనుభవమే మొదటి రెండు రోజులు మీకు శత్రువు. అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. ఇండికేటర్ కూడా ఎడమ చేతి కింద ఉంటుంది. ఇండికేటర్ అనుకుని వైపర్ వేస్తారు. మండే ఎండలో వైపర్లు ఊపుకుంటూ ఎవరైనా లేన్ మారుతుంటే మేం టాక్సీవాళ్లం ‘మనోడే’ అనుకునేవాళ్లం.

శ్రోత భర్త: (నవ్వు) సరే సరే.

అన్న: రౌండబౌట్ దగ్గర ఎడమవైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. షేక్ జాయెద్ రోడ్డు ఒక్కో వైపు ఆరేడు లేన్లు. ఎగ్జిట్ తప్పిపోతే వెనక్కి రావడం, గీతలు దాటి దూరడం వద్దు. ముందుకెళ్లి తిరిగి రండి. పది నిమిషాలు పోతాయి, అంతే. నా బండెక్కిన జంటల్లో సగం గొడవలు అక్కడే మొదలయ్యేవి. మ్యాప్ చూసేది ఆవిడ, నడిపేది ఆయన, ‘ఇప్పుడా చెప్పేది?’ అని ఈయన, ‘చెప్తే విన్నారా?’ అని ఆవిడ. మ్యాప్ సౌండ్ పెట్టేసుకుని దాన్నే తిట్టుకోండి సార్.

వ్యాఖ్యాత: టోల్ సంగతి?

అన్న: గేటు, మనిషి, ఆగడం ఏమీ ఉండవు. సాలిక్ అంటారు, పైనున్న యంత్రం దానంతటదే డబ్బు కోసేస్తుంది. 2025 జనవరి చివరి నుంచి పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 మధ్య దాటితే 6 దిర్హమ్‌లు, మిగతా టైంలో 4. అర్ధరాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ఏమీ లేదు. ఆదివారం మిగతా టైమంతా నాలుగే. సీటు బెల్టు వెనక సీటుకూ తప్పదు, పెట్టుకోకపోతే 400 దిర్హమ్‌లు. ఫోన్ పట్టుకుని నడిపితే 800.

వ్యాఖ్యాత: రెండో కాల్ హైదరాబాద్ నుంచి. చెప్పండి.

శ్రోత (హైదరాబాద్): మేడమ్, నాదొక బాధ. మేమిద్దరం పోయిన ఏడాది వెళ్లొచ్చాం. కారు బానే ఉంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఏమీ అనలేదు. ఇంటికొచ్చిన మూడు వారాలకు కార్డు మీద డబ్బు కోశారు. స్పీడ్ ఫైన్లు రెండంట, ఒక్కోదానికి వాళ్ల సర్వీస్ చార్జీ వేరే. అబుదాబి దారిలో అంట. దుబాయ్‌లో బోర్డు మీద వేసిన స్పీడుకన్నా 20 కిలోమీటర్లు ఎక్కువ దాకా పట్టించుకోరని మా ఫ్రెండ్ చెప్పాడు...

అన్న: మీ ఫ్రెండ్ సగం చెప్పాడు. దుబాయ్‌లో ఆ 20 వెసులుబాటు ఉంది. అబుదాబి ఎమిరేట్‌లో (ఎమిరేట్ అంటే మన రాష్ట్రం లాంటిది) 2018 ఆగస్టులో తీసేశారు. అక్కడ బోర్డు మీద ఎంతుంటే అంతే. ఒకటే రోడ్డు, మధ్యలో ఎమిరేట్ మారుతుంది, రూలు మారుతుంది. జరిమానా మాత్రం కట్టాల్సిందే సార్. సర్వీస్ చార్జీ ఎంతన్నది కారు అద్దె కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, సంతకానికి ముందు అడగాలి. అందుకే వాళ్లు కార్డు మీద డిపాజిట్ కొన్ని వారాలు పట్టి ఉంచుతారు. బండి తీసుకునేటప్పుడే నాలుగు వైపులా వీడియో తీసుకోండి, టైర్లు కూడా. ఆ ఎండకు గాలి సరిగా లేని పాత టైరు పేలిపోతుంది.

వ్యాఖ్యాత: అబుదాబి అన్నారు కాబట్టి అడుగుతున్నా. చాలామంది గుడికి వెళ్తున్నారు కదా?

అన్న: బీఏపీఎస్ స్వామినారాయణ మందిరం, 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది, దుబాయ్ నుంచి అబుదాబి వెళ్లే దారిలోనే. సోమవారం తెరవరు, వెళ్లేముందు పేరు నమోదు చేసుకోవాలి. అదేరోజు షేక్ జాయెద్ మసీదు కూడా చూడొచ్చు. లోపల ఆడవాళ్లు తలమీద గుడ్డ కప్పుకోవాలి, చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పే బట్టలుండాలి. నా మాట ఒకటే, కారు ఇలాంటి దూరాలకే తీసుకోండి. దేరా, బుర్ దుబాయ్ లాంటి పాత పేటల సందుల్లోకి కారు తీసుకెళ్లకండి, పార్కింగ్ వెతుక్కోవడానికే ప్రాణం పోతుంది. మెట్రో ఉంది.

డాక్టర్: పార్క్ చేసిన కారు గురించి ఒక మాట. అద్దాలేసి ఎండలో పెడితే పది నిమిషాల్లోనే లోపల పది డిగ్రీల దాకా పెరుగుతుంది. ఇన్సులిన్, మాత్రలు కార్లో వదలకండి. ‘నువ్వు కార్లో కూర్చో, నేను ఫోటో తీసుకొస్తా’ అని ఇంజిన్ ఆపేసి భార్యను వదిలి వెళ్లేవాళ్లున్నారు. దయచేసి వద్దు.

వ్యాఖ్యాత: ఎండదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది డాక్టర్ గారూ?

డాక్టర్: తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, చెమట ధారగా కారడం. ఇవి మొదటి గుర్తులు. ఏసీలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ తాగిస్తే సర్దుకుంటుంది. మాట తడబడినా, ఎక్కడున్నామో తెలియనట్టు మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 998కి ఫోన్ చేయాలి, అది అక్కడి అంబులెన్స్ నంబరు. వాళ్లొచ్చేలోపు తడిగుడ్డలు కప్పి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. ఇంకొకటి, తనకు ఒంట్లో బాగాలేదని మనిషి తాను గుర్తుపట్టలేడు. పక్కనున్నవాళ్లే పట్టాలి. ఆవిడ ‘ఇక చాలండీ, తిరిగిపోదాం’ అంటే వాదించకండి. మూడ్ అనుకోవద్దు, అది లక్షణం కావచ్చు.

అన్న: తాగడానికి అక్కడ సూపర్ మార్కెట్లలో లబన్ దొరుకుతుంది, అచ్చం మన మజ్జిగే. మావాళ్లు అందులోనే ఉప్పేసుకుని తాగేవాళ్లు.

వ్యాఖ్యాత: చివరి కాల్, షార్జా నుంచి. హలో?

శ్రోత (షార్జా): నమస్తే. అన్న చెప్పినవన్నీ కరెక్టే, ఒకటి కలుపుతాను. కొండలు చూద్దామని చాలామంది హట్టా వెళ్తారు. ఫోన్ మ్యాప్ చూపే దగ్గరి దారిలో మధ్యలో కొంత ఒమాన్ భూభాగం వస్తుంది. చెక్‌పోస్ట్ ఉంటుంది, టూరిస్టుల్ని వెనక్కి పంపుతారు. అద్దె కారు ఇన్సూరెన్స్ కూడా ఒమాన్‌లో ఊరికే చెల్లదు. షార్జా వైపు నుంచి ఈ102 రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్లాలి.

అన్న: అవును తమ్మీ, అది చెప్పడం మర్చిపోయాను. చాలామంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

శ్రోత (షార్జా): నెల్లూరు అక్కావాళ్లకు నేనైతే హట్టా బదులు జెబెల్ జైస్ చెప్తాను. రస్ అల్ ఖైమాలో, ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తు చోటు ఆ కొండ మీదే. దుబాయ్ నుంచి దాదాపు రెండు గంటలు. పైకెళ్తే కిందికన్నా ఏడెనిమిది డిగ్రీలు తక్కువ, ఒక్కోసారి పది కూడా. మధ్యాహ్నం నాలుగింటికి బయల్దేరండి, పొద్దు గుంకేసరికి పైనుంటారు. ఊటీ ఘాట్లు నడిపిన బావగారికి ఆ మలుపులు నచ్చుతాయి. దిగేటప్పుడు మాత్రం తక్కువ గేర్‌లో దిగమనండి, ఊరికే బ్రేక్ తొక్కితే వేడెక్కుతాయి.

వ్యాఖ్యాత: నెల్లూరు అమ్మ ఇంకా లైన్లోనే ఉన్నారంట. వింటున్నారామ్మా?

శ్రోత (నెల్లూరు): వింటున్నాం మేడమ్. ఆయన కాగితం చించేసి కొత్తది రాస్తున్నారు. మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా ‘నిద్ర’ అని రాశారు, కింద రెండు గీతలు కూడా గీశారు. ఆ కొండ పేరు ఇంకోసారి చెప్పమంటున్నారు.

శ్రోత (షార్జా): జెబెల్ జైస్ అక్కా. జె-బె-ల్, జై-స్.