పాత ఫొటోలకి ఏఐ యాపా, గింపా? కుంకుమ మరక టెస్ట్

నమస్తే అండీ! ముందే చెప్పేస్తున్నా, పాత ఫొటోలని బాగుచేసే ఈ ఏఐ యాప్ వాళ్ళు నాకు ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. నేరుగా ఫొటోకి వెళ్దాం.

హైదరాబాద్‌లో ఏ పాత ఇంట్లోనైనా కనిపించే లాంటి ఒక పెద్దావిడ బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఇది. పండగలకి పెట్టిన కుంకుమ ప్రింటుకే అంటుకుంది. వానాకాలం చెమ్మకి ఓ మూల పచ్చబడింది. యాప్‌లో బటన్ నొక్కగానే మరక పోయింది, బాగుంది. కానీ జూమ్ చేసి చూడండి. మరకతో పాటు నుదుటి బొట్టూ పోయింది, ముక్కుపుడకా పోయింది! కళ్ళు కూడా ఆవిడవి కావు. స్కాన్‌లో లేని వివరాన్ని ఈ మోడల్ వేరే ముఖాల నుంచి నేర్చుకున్న దాంతో నింపేస్తుంది. మనిషే మారిపోయాక ఇంకేం రిపేరండీ?

ఇప్పుడు ఇదే ఫొటో గింప్ 3.0లో, అంటే కంప్యూటర్‌లో ఫొటోలని మనమే దిద్దుకునే సాఫ్ట్‌వేర్‌లో. 2025 మార్చిలో వచ్చింది, పైసా కట్టక్కర్లేదు. నాకు ప్రాణం లాంటి ఫీచర్ ఒకటుంది ఇందులో. కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో ఎక్స్‌ట్రాక్ట్ కాంపోనెంట్. రెడ్ ఎంచుకోండి. చూశారా, మరక ఎలా మాయమైందో! కుంకుమ ఎరుపు వెలుగునే వెనక్కి పంపుతుంది కదా, అందుకే రెడ్ ఛానెల్‌లో, అంటే ఫొటోలోని ఎరుపు వెలుగుని మాత్రమే చూపే బొమ్మలో, తెల్లకాగితంలో కలిసిపోతుంది. పసుపు మరకలకీ అంతే. బ్లూ ఇంకు గీతలైతే బ్లూ ఛానెల్ చూడండి. కుంకుమ మందంగా పేరుకున్న చోట కొంచెం నీడ మిగులుతుంది. కలర్ ఫొటోలకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ఒక్క షరతు, స్కాన్ కలర్‌లోనే చేయాలి. గ్రేస్కేల్‌లో చేస్తే మరకా నలుపే, జుట్టూ నలుపే, విడదీయలేం. రెండు బై రెండున్నర అంగుళాల ఫొటోని 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేస్తే 2400 బై 3000 పిక్సెల్స్ వస్తాయి, ఎనిమిది బై పది ప్రింటుకి సరిగ్గా 300 డీపీఐ. టిఫ్ (TIFF) ఫైల్‌గా సేవ్ చేయండి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే దయచేసి పీకకండి, బొమ్మ ఉండే పై పొర (ఎమల్షన్) అద్దంతో పాటే ఊడొస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయండి.

మిగిలిన గీతలకి హీల్ టూల్, అంటే గీతని చుట్టూ ఉన్న రంగుతో కలిపేసేది, కీబోర్డ్‌లో హెచ్. ఫొటో మీద కొత్త లేయర్ (ఖాళీ పొర) తీసుకుని, కింది పొరని కూడా చూసే శాంపిల్ మెర్జ్‌డ్‌కి టిక్ పెట్టండి. బ్రష్ గీత కంటే కాస్తే వెడల్పుండాలి. చీర అంచు దగ్గర మాత్రం హీల్ వద్దు, పక్కనున్న నలుపుని లోపలికి లాగి మసక చేస్తుంది. అక్కడ ఒక చోటుని ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్ టూల్ వాడండి.

టైమ్ పడుతుంది, నిజమే. అయినా నా ఓటు గింప్‌కే. యాప్‌ని ముఖాలు లేని బ్యాక్‌గ్రౌండ్‌కి వాడుకోండి, ముఖాలని మార్చే ఫేస్ ఎన్‌హాన్స్ ఆఫ్ చేసి.